సనద్ చేతపట్టుకొని ఎం.ఏ. వాకిట

షవ్వాల్ నెలలో మదర్సాల తలుపులు కొత్త విద్యార్థుల కోసం తెరుచుకుంటాయి. అదే రోజులలో పాత విద్యార్థులు కూడా ఒక్కొక్కరుగా మా గుమ్మం ముందు కనబడుతుంటారు. నిన్నటి షాబాన్‌లో దస్తార్ కట్టించుకొని వెళ్ళినవారు, రెండు మూడేళ్ళుగా ఎక్కడో ఇమామత్ చేస్తున్నవారు, మక్తబ్‌లో పిల్లలకు ఖాయిదా చెబుతున్నవారు వస్తారు. సలాములు, కుశల ప్రశ్నలు అయిన తరువాత ప్లాస్టిక్ కవరులో నుంచి సనద్ తీసి మా ముందు పెడతారు. "హజ్రత్, ఎం.ఏ. చేయాలని ఉంది. దీని మీద సీటు ఇస్తారా?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నకు ఒకప్పుడు మేము అర నిమిషంలో జవాబు చెప్పేవారము. ఇప్పుడు ఒక పూట పడుతున్నది. ఆ తేడా ఎలా వచ్చిందో చెప్పాలంటే మేము చేసిన ఒక పొరపాటును పాఠకుల ముందు ఉంచక తప్పదు.

అది 2019 వేసవి. ప్రకాశం జిల్లాకు చెందిన మా శిష్యుడొకడు అప్పటికి రెండేళ్ళుగా ఒక చిన్న పట్టణంలోని మసీదులో ఇమామ్‌గా ఉన్నాడు. హాఫిజ్, ఆలిమ్. పెళ్ళయి ఏడాది అయింది. ఇస్లామిక్ స్టడీస్‌లో ఎం.ఏ. చేయాలన్న కోరికతో సలహా అడగడానికి వచ్చాడు. "నీ సనద్ బి.ఏ.తో సమానం. విశ్వవిద్యాలయం వారు గుర్తించారు. వెళ్ళి చేరు" అన్నాము. మేము ఏ ప్రాస్పెక్టస్సూ చూడలేదు. ఒక సమావేశంలో తోటి ఉపాధ్యాయుడు అన్న మాటను నమ్మి, దానికి మా నమ్మకాన్ని కూడా జోడించి ఆ అబ్బాయి చేతిలో పెట్టాము.

అతను ఇమామత్ వదులుకున్నాడు. భార్యను పుట్టింట దింపి నగరానికి రైలెక్కాడు. ధ్రువపత్రాల పరిశీలన రోజున బల్ల అవతలి ఉద్యోగి సనద్‌ను గౌరవంగానే తిరగేసి చూశారట. "మీ మదర్సా మా జాబితాలో ఉంది. అయితే ఈ సనద్ మీద బి.ఏ.లో చేరవచ్చు. ఎం.ఏ.కు డిగ్రీ మెమోలు కావాలి" అన్నారట. అతని వద్ద డిగ్రీ లేదు సరికదా, ఇంటర్మీడియట్ కూడా లేదు. పదవ తరగతి కాగానే నేరుగా మా వద్దకు వచ్చినవాడు. తిరిగి వెళ్ళేసరికి మసీదులో వేరొక ఇమామ్ నియమితులయ్యారు.

అతని తండ్రిగారిది చిన్న బట్టల దుకాణం. తరువాత కలిసినప్పుడు ఆయన మమ్మల్ని నిందించలేదు. "మీరు చెప్పారని వెళ్ళాడు హజ్రత్" అని మాత్రం అన్నారు.

దివ్య ఖుర్ఆన్‌లోని వచనాలన్నిటిలోను దీర్ఘమైనది అల్ బఖరా సూరాలోని 282వ వచనం. అప్పు లావాదేవీలను వ్రాసుకోవలసిందిగాను, సాక్షులను పెట్టుకోవలసిందిగాను ఆదేశించే వచనం అది. దానిని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాము. ఒక యువకుని జీవనోపాధి విషయంలో మాత్రం వ్రాత లేదు, సాక్ష్యం లేదు, చెవిన పడిన మాట ఒక్కటే మాకు చాలినది.

అప్పటి నుంచి నేర్చుకున్నదేమిటంటే, 'గుర్తింపు' అనే మాటను ఒంటరిగా వినకూడదు. గుర్తించినది ఎవరు? ఏ కోర్సులో ప్రవేశానికి? ఏ సంవత్సరపు ప్రాస్పెక్టస్‌లో? ఈ మూడూ లేకుండా ఆ మాటకు విలువ లేదు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జామియా మిల్లియా, మన గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటివి కొన్ని మదర్సాల సనద్‌లను నిర్ణీత కోర్సుల ప్రవేశం కోసం ఆమోదిస్తాయి. ఒకే మదర్సా ఒక చోట జాబితాలో ఉంటుంది, మరొక చోట ఉండదు. ఒకే సనద్ ఒక చోట ఇంటర్‌కు సమానం కావచ్చు, మరొక చోట ఏమీ కాకపోవచ్చు. ప్రవేశం కోసం ఇచ్చిన ఆమోదం సనద్‌ను డిగ్రీగా మార్చివేయదు.

దీనికి మూలం చట్టంలో ఉంది. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం మన దేశంలో డిగ్రీ ప్రదానం చేసే అధికారం విశ్వవిద్యాలయాలకు, చట్టం ఆ అధికారం ఇచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదర్సా విద్యా చట్టం చెల్లుతుందని తీర్పు చెబుతూనే, మదర్సా బోర్డు ఇచ్చే కామిల్, ఫాజిల్ పట్టాల వరకు మాత్రం అది యూజీసీ చట్టానికి విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు విని కొందరు మిత్రులు బాధపడ్డారు. మాకూ బాధ లేకపోలేదు. పద్దెనిమిదవ శతాబ్దంలో లక్నోలోని ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరుతో ప్రసిద్ధి చెందిన దర్సె నిజామీలో ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు కూర్చున్నవారి శ్రమ ఎంతటిదో మాకు తెలుసు. అయితే ఆ చదువు విలువ వేరు, కార్యాలయంలో చెల్లుబాటు వేరు. విలువ ఉన్నది కదా అని చెల్లుబాటు కూడా ఉన్నట్లు చెప్పడమే మేము చేసిన తప్పు.

మరి దారి ఏది? దారి ఉంది, కాని దూరం. మా శిష్యుడు ముందు ఎన్.ఐ.ఓ.ఎస్. అని పిలిచే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలో ఇంటర్ స్థాయి పరీక్షలకు నమోదయ్యాడు. అక్కడ ఉర్దూ మాధ్యమం ఉంది, అరబీ ఒక పాఠ్యాంశంగా ఉంది, ఒకసారి నమోదు చేసుకుంటే అయిదేళ్ళ వరకు పరీక్షలు వ్రాయవచ్చు. మన రెండు రాష్ట్రాలకు వేరుగా సార్వత్రిక విద్యాపీఠాలు కూడా ఉన్నాయి. "ఫలానా విశ్వవిద్యాలయం సనద్ మీదనే బి.ఏ.లో చేర్చుకుంటుంది కదా, ఇంటర్ ఎందుకు?" అని అతను మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే రేపు బి.ఎడ్. చేయాలన్నా, ప్రభుత్వ ఉద్యోగ ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాలన్నా ఇంటర్ మెమో ఎక్కడ అని అడిగే చోట్లు ఉన్నాయి. మెట్ల వరుసలో ఒక మెట్టు లేకపోతే పైవాడు ప్రతిసారీ దూకవలసి వస్తుంది. అందుకే ఇంటర్ వ్రాయమన్నాము. 2021 నాటికి అది పూర్తయింది. తరువాత మూడేళ్ళు దూరవిద్యలో బి.ఏ. 2024లో ఎం.ఏ.లో చేరాడు.

ఈ దూరం చూసి కొందరికి అడ్డదారులు తోస్తాయి. డిగ్రీ లేకుండానే నేరుగా ఎం.ఏ. అనే ప్రకటనలు ఒకప్పుడు గోడల మీద విరివిగా కనబడేవి. మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి పొందిన పి.జి. పట్టా చెల్లదని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం చేతికి వస్తుంది, ఫీజు రసీదూ వస్తుంది, ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టినప్పుడే తెలుస్తుంది. ఇలా మోసపోయినవారు పరువు కోసం బయటకు చెప్పుకోరు, అందుచేత వారి వెనుక మరొకరు అదే గుంటలో పడతారు.

అలాగని దూరవిద్య మొత్తాన్ని తక్కువగా చూడనక్కరలేదు. యూజీసీ గుర్తింపు పొందిన దూరవిద్యా కోర్సుల డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమేనని 2022 సెప్టెంబరులో ఆ సంస్థయే ప్రకటించింది. మసీదును, మక్తబ్‌ను వదలలేని వారికి అది గొప్ప సౌకర్యం. చేరే ముందు మాత్రం యూజీసీ దూరవిద్యా విభాగం వారి వెబ్‌సైటులో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం మూడూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. విశ్వవిద్యాలయం పేరు ఉండి కోర్సు పేరు లేకపోవచ్చు.

ఇప్పుడు పేరు సంగతి. నవ్వుకోవడానికి చిన్నదిగా కనబడే ఈ విషయమే మా పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా తిప్పుతున్నది.

మా శిష్యుని పదవ తరగతి మెమోలో పేరుకు ముందు 'షేక్' అని పూర్తిగా ఉంది. ఆధార్‌లో 'ఎస్.కె.' అని ఉంది. సనద్‌లో 'షేక్' లేనే లేదు. దానికి బదులు 'మౌల్వీ హాఫిజ్' అని ఉంది, ఆ తరువాత 'ముహమ్మద్', ఆపైన అసలు పేరు, బిన్ తండ్రి పేరు. బ్యాంకు పుస్తకంలో 'ముహమ్మద్' కాస్తా 'ఎం.డి.' అయింది. నలుగురూ ఒకరేనని మనకు తెలుసు, ప్రకాశం జిల్లాలోని ఆ వీధికి తెలుసు, కంప్యూటరుకు తెలియదు. పైగా సనద్ మీద తేదీ హిజ్రీలో ఉంది. షాబాన్ 1438 అంటే 2017 మే నెల అని ఎవరు వ్రాసి సంతకం పెడతారు? మేమే పెట్టాలి. అంతకు ముందు ఇరవై ఏళ్ళుగా మేము వ్రాసిన సనద్‌లలో ఒక్కదాని మీద కూడా క్రీస్తు శకపు తేదీ వేయలేదు. పుట్టిన తేదీ గడి అసలే లేదు. చేతివ్రాత అందంగా ఉండాలని కాతిబ్‌ను వెతికేవారము, పేరు పదవ తరగతి మెమోతో సరిపోతున్నదా అని ఒక్కనాడూ చూడలేదు.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి. పదవ తరగతి మెమోలో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకోండి. పిల్లవాడిని మదర్సాలో చేర్చే రోజునే ఆ మెమో జిరాక్సు ఇవ్వండి. మౌల్వీ, హాఫిజ్, ఖారీ అనేవి బిరుదులు, వాటిని సనద్‌లో పేరుతో కలిపి వ్రాయవద్దని మాలాంటివారిని నిలదీయండి. ఆధార్‌ను మెమోకు అనుగుణంగా సరిచేయించండి. మెమో తప్పుగా ఉంటే దానిని మార్చడం కష్టమైన పని, అయినా ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. సీటు వచ్చాక నాలుగు రోజుల గడువులో అఫిడవిట్ కోసం పరుగెత్తే కుటుంబాలను ఏటా చూస్తున్నాము.

డిగ్రీ చదివిన చోట నుంచి టి.సి., మైగ్రేషన్ సర్టిఫికెట్, ప్రొవిజనల్, అన్ని సెమిస్టర్ల మెమోలు తెచ్చుకోవాలి. మైగ్రేషన్ అంటే ఒక విశ్వవిద్యాలయాన్ని వదిలి మరొకదానికి వెళ్ళడానికి ఇచ్చే అనుమతి పత్రం. ఇది అడిగిన రోజే చేతికి రాదు.

కుల ధ్రువపత్రం విషయంలో మన కుటుంబాలలో ఒక అపోహ బలంగా ఉంది. మన రెండు రాష్ట్రాలలో 2007 నాటి చట్టం ప్రకారం షేక్ మొదలైన వర్గాలు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ పొందుతున్నాయి. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు అందులో లేరు. ఇది రాష్ట్ర జాబితా. కేంద్ర విశ్వవిద్యాలయాలు చూసేది కేంద్ర ఓ.బి.సి. జాబితాను. రెండూ ఒకటి కావు. మీసేవలో తెచ్చిన బి.సి.-ఇ పత్రం చూపించి 'ఓ.బి.సి.' గడిలో గీత పెట్టి, పరిశీలనలో సీటు పోగొట్టుకున్న అబ్బాయిని మేము ఎరుగుదుము. తమ వర్గం కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో చూసుకొని, లేనివారు ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రానికి అర్హులవుతారేమో తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోవాలి. ఆ పత్రం కూడా ఆ ఆర్థిక సంవత్సరానిదే కావాలి, పాతది చెల్లదు.

ఫీజుల గురించి ఒక్క మాట. వడ్డీ అప్పు జోలికి పోకుండా చదివించాలనుకునే తల్లిదండ్రులు ఫీజు రీయింబర్స్‌మెంట్, ఉపకారవేతనాల గడువు తేదీలను ప్రవేశ తేదీలతో పాటే గోడ మీద వ్రాసి పెట్టుకోవాలి. అర్హుడైన విద్యార్థికి జకాత్ ఇవ్వవచ్చునని మన బంధువర్గంలో చాలామందికి తెలియదు. తెలిసినవారు అడగడానికి సిగ్గుపడతారు.

ఇక ఇంటి మాట. ఎం.ఏ.లో చేరేది ఒకరే అయినా గంటలు ఇచ్చేది ఇల్లంతా. రెండేళ్ళ పి.జి.కి సుమారు 80 క్రెడిట్లు, అంటే సెమిస్టరుకు 20. ఒక క్రెడిట్ అంటే పదిహేను గంటల తరగతి. లెక్క వేస్తే సెమిస్టరుకు 300 గంటలు, వారానికి దాదాపు 20 గంటలు తరగతిలోనే గడుస్తాయి. చదువుకోవడం, వ్రాసుకోవడం దీనికి అదనం. మా శిష్యుడు ఫజ్ర్ తరువాత చదువుకుంటాడు, పగలు తరగతులకు వెళతాడు, అస్ర్ నుంచి ఇషా వరకు మక్తబ్ చెబుతాడు. వారి ఇంటికి వెళ్ళినప్పుడు వంటగది తలుపు మీద అతికించిన ఒక కాగితం చూశాము. సెమిస్టర్ పరీక్షల తేదీలు, అద్దె కట్టవలసిన తేదీ, బిడ్డ టీకాల తేదీ ఒకే వరుసలో ఉన్నాయి. వ్రాత అతని భార్యది. 2019లో పుట్టింటికి వెళ్ళిన అమ్మాయే ఆమె. "ఈసారి ప్రాస్పెక్టస్ నేను చదివాను మౌలానా సాబ్" అన్నది పర్దా వెనుక నుంచి. మేము తల వంచుకొని టీ త్రాగాము.

చేరిన తరువాత మదర్సా విద్యార్థికి ఎదురయ్యే కష్టం వేరు. భాష అనుకుంటారు. ఉర్దూ మాధ్యమంలో అయితే భాష వీరికి బలమే, అక్కడ ప్రవేశానికి ఉర్దూ చదివినట్లు చూపవలసినప్పుడు సనద్ అక్కరకు వస్తుంది కూడా. అసలు కష్టం వ్రాసే పద్ధతిలో ఉంది. మా శిష్యుడు మొదటి సెమిస్టరులో సమర్పించిన వ్యాసాన్ని మాకు చూపించాడు. విషయం వఖ్ఫ్ చరిత్ర. మొదటి వాక్యంలోనే ధర్మసమ్మతమేదో, కానిదేదో తేల్చివేశాడు. అంచున అధ్యాపకుడు ఇలా వ్రాశారు: "ఇది తీర్పు. మీ ప్రశ్న ఏది?" అబ్బాయి నొచ్చుకున్నాడు. మేము ఆ వ్యాసాన్ని రెండుసార్లు చదివి, అధ్యాపకునిదే న్యాయమన్నాము. దారుల్ ఇఫ్తాలో కూర్చున్నవాని పని జవాబు చెప్పడం. ఎం.ఏ.లో కూర్చున్నవాని పని ఆ జవాబు ఎప్పుడు, ఏ పరిస్థితిలో, ఎవరి చేత చెప్పబడిందో వెతకడం. రెండవది చేసినంత మాత్రాన మొదటిదానికి లోటు రాదు.

మరొక సంగతి. మన చదువులో ఉస్తాద్ మాటను అక్షరం తప్పకుండా అప్పజెప్పడం ప్రతిభ. విశ్వవిద్యాలయంలో మూలం చెప్పకుండా అదే పని చేస్తే దొంగతనం. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పరిశోధన పత్రంలో ఇతరుల వ్రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి. ఇది విని మా విద్యార్థులు భయపడతారు. భయమెందుకు? ఫలానావారు ఫలానావారి నుంచి విన్నారని గొలుసు మొత్తం చెప్పనిదే ఒక్క హదీసును కూడా స్వీకరించని సంప్రదాయంలో పెరిగినవారు మీరు. ఇస్నాద్ వల్లె వేసినవానికి పుట అడుగున మూలం పేరు, పుట సంఖ్య వ్రాయడం ఎంత పని? ఈ మాట చెప్పినప్పుడు మా శిష్యుని ముఖంలో వెలుగు చూశాము. తన సిద్ధాంత వ్యాసంలో అతను ఇచ్చిన ఆధారాల పట్టిక ఆ తరగతిలో అందరికంటే పొడవైనదట.

మార్కుల విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. కళాశాలలో బోధించడానికి అర్హత కల్పించే నెట్ పరీక్షలో 'అరబ్ సంస్కృతి, ఇస్లామిక్ అధ్యయనాలు' అనే విషయం ఉంది. దానికి కూర్చోవాలంటే సాధారణ వర్గం వారికి ఎం.ఏ.లో 55 శాతం ఉండాలి. 54.9 శాతాన్ని 55గా సర్దుబాటు చేయరు. ఎలాగో గట్టెక్కితే చాలునని చదివినవారు రెండేళ్ళ తరువాత ఈ గీత ముందు ఆగిపోతున్నారు.

ఆడపిల్లల సంగతి మరొక నెల విడిగా వ్రాయవలసినంత ఉంది. జామియతుల్ బనాత్‌లలో ఆలిమా పూర్తి చేసిన అమ్మాయిలకు కూడా పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. అదనంగా వారికి "పెళ్ళయ్యాక మేమే చదివిస్తాం" అనే హామీ ఒకటి ఉంటుంది. ఆ హామీని నికాహ్‌కు ముందే స్పష్టంగా షరతుగా మాట్లాడుకోవడంలో తప్పు లేదు, పెద్దలు సంకోచించనక్కరలేదు. ప్రసవ సమయంలో హాజరు విషయమై విద్యార్థినులకు వెసులుబాటు కల్పించే నియమాలు చేసుకొమ్మని 2021 డిసెంబరులో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. మీ విశ్వవిద్యాలయం చేసుకున్నదో లేదో చేరే రోజునే వ్రాతపూర్వకంగా అడగండి.

మా మదర్సాలో ఇప్పుడు ఒక రిజిస్టరు ఉంది. చివరి సంవత్సరపు ప్రతి విద్యార్థి పేరు మెమో ప్రకారం మూడు లిపులలో అందులో వ్రాసి, అతని చేత సంతకం చేయిస్తున్నాము. సనద్ మీద రెండు తేదీలు వేస్తున్నాము. ఎం.ఏ. అని వచ్చినవారిని ముందు ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెమ్మంటున్నాము. దానిని మా ఎదుట కూర్చొని అర్హతల పుట బిగ్గరగా చదవాలి. కొందరు నవ్వుతారు, చదువుతారు.

మొన్న గురువారం మా శిష్యుడు ఫోన్ చేశాడు. ఆఖరి సెమిస్టరు హాల్ టికెట్ వచ్చిందట. పరీక్ష కేంద్రం ఎక్కడో, మొదటి పేపరు ఏదో చెప్పి, చివరలో ఆగి అన్నాడు: "పేరు సరిగ్గానే ఉంది హజ్రత్. షేక్ పూర్తిగా ఉంది."